బావి నీడన ఫెర్న్: మక్తల్ ఎండలో పెంచుకునే పద్ధతి

పెద్ద చెట్టు కింద చిన్న మొక్క ఎదగదంటారు. కంది, పత్తి, వేరుశనగ వేసే రైతుకు ఇది అనుభవమే. గట్టు మీది చింత నీడ ఎంతవరకు పడితే అంతవరకు చేను పలచబడుతుంది. ఆ చోటును 'నీడదిన్న జాగ' అని వదిలేస్తుంటాం. కానీ ఆ నీడనే కోరుకునే మొక్క ఒకటుంది. అదే ఫెర్న్. పువ్వు లేదు, కాయ లేదు, గింజ లేదు. ఆకు అందమే దాని ధర.

అడవిలో పెద్ద చెట్ల కింద, తేమ గాలిలో పెరిగే ఈ మొక్కకు మక్తల్, మాగనూరు, ఊట్కూరు, నర్వ ప్రాంతాల ఎండ పడుతుందా? పొలంలో పంటగా వేస్తే పడదు. ఎకరాల్లో వేసే పంట కాదిది. బావి పక్కన, నీళ్ల తొట్టి దగ్గర, ఇంటికి ఉత్తరాన ఉన్న నీడలో 20 కుండీలతో మొదలుపెడితే మాత్రం పెంచుకోవచ్చు. ఒక వేసవిని ఇక్కడే తట్టుకుని నిలిచిన మొక్కకు మంచి గిరాకీ తెచ్చుకోవచ్చు. ముందే అప్పు చేసి షేడ్‌నెట్ వేస్తే మొక్క ఎండిపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే చిన్నగా మొదలుపెట్టే పద్ధతిని ఈ వారం తెలుసుకుందాం.

ఫెర్న్ మనకు కొత్తేమీ కాదు

వరి మడిలో పచ్చిరొట్టగా, పాడి పశువులకు మేతగా వాడే అజొల్లా నీటి మీద తేలే ఫెర్న్ జాతి మొక్కే. పాత దిగుడు బావుల్లో నీరు చెమ్మగిల్లే రాతి సందుల నుంచి నల్లటి సన్నని కాడలతో, చిన్న చిన్న విసనకర్రల్లాంటి ఆకులతో వేలాడే మొక్కను చాలామంది చూసే ఉంటారు. అది అడియాంటమ్ అనే ఫెర్న్. ఆయుర్వేదంలో హంసపాదిగా చెప్పేది ఈ కుటుంబంలోని ఒక రకాన్నే. గుట్టల మీద రాళ్ల సందుల్లో నెమలి పింఛంలా విచ్చుకునే మయూరశిఖ కూడా ఫెర్నే. ఎండాకాలంలో అది ముడుచుకుపోతుంది, వాన పడగానే మళ్లీ విచ్చుకుంటుంది.

బావి గోడ మనకు ఒక పాఠం చెబుతోంది. బయట వడగాలి వీస్తున్నా బావి లోపల ఫెర్న్ బతుకుతోంది. అక్కడ మూడు సౌకర్యాలున్నాయి. నేరుగా ఎండ పడదు. గాలిలో తేమ ఉంటుంది. వేరు దగ్గర చెమ్మ ఉన్నా నీరు నిలవదు. ఈ మూడింటినీ కుండీ దగ్గర కల్పించడమే ఫెర్న్ సాగు. మిగతావన్నీ వీటి తర్వాతే.

ఏ రకం ఎంచుకోవాలి?

కత్తి ఫెర్న్ (నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా): కొత్తవారు దీనితోనే మొదలుపెట్టాలి. ఆకులు కత్తుల్లా నిటారుగా లేస్తాయి. వేళ్లకు గోలీల్లాంటి చిన్న దుంపలు ఊరతాయి. వాటిలో నీరు దాచుకుంటుంది కాబట్టి ఒక పూట నీళ్లు తప్పినా తట్టుకుంటుంది. టమాట వేళ్ల మీద నులిపురుగు బుడిపెలు చూసిన రైతు ఈ దుంపలను చూసి తెగులనుకునే ప్రమాదం ఉంది. ఇవి తెగులు కాదు, మొక్కకు నీటి మూటలు. తీసివేయకూడదు.

బోస్టన్ ఫెర్న్ (నెఫ్రోలెపిస్ ఎగ్జాల్టాటా): 1894లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతానికి వచ్చిన మొక్కల్లో వేరుగా కనిపించిన రకమిది. ఆకులు వంగి చుట్టూ జాలువారతాయి. వేలాడే కుండీలకు బాగుంటుంది. కత్తి ఫెర్న్ కన్నా తేమ ఎక్కువ కావాలి. రెండో ఏడాది నుంచి పెంచుకోవచ్చు.

అడియాంటమ్: చూడ చక్కనిది, కానీ సుకుమారి. ఒక్కసారి కుండీ పూర్తిగా ఎండితే ఆకులన్నీ మాడిపోతాయి. దిగుడు బావి మెట్ల వంటి చోటు ఉన్నవారే ప్రయత్నించాలి.

లెదర్‌లీఫ్ ఫెర్న్: పూలగుత్తుల్లో వాడే గట్టి ఆకు రకం. చల్లని కొండ ప్రాంతాలకు అనువైనది. 'ఎకరాకు ఇంత లాభం' అని ఎవరైనా ఈ మొక్కలు అంటగట్టబోతే మన ఎండలకు తొందరపడవద్దు.

పేరుకే ఫెర్న్ అయినది ఇంకొకటుంది. నర్సరీల్లో 'ఆస్పరాగస్ ఫెర్న్' అని అమ్మేది నిజానికి ఫెర్న్ కాదు. మన పిల్లితీగల (శతావరి) జాతికి చెందిన మొక్క. చిన్న పూలు, కాయలు కాస్తుంది, గింజతో మొలుస్తుంది. వేళ్లలో దుంపలుంటాయి కాబట్టి పొడి గాలిని బాగా ఓర్చుకుంటుంది. నీళ్లు తక్కువున్న రైతు దీన్ని కూడా నాలుగు కుండీలు పెట్టుకుంటే ఒకటి పోయినా ఒకటి నిలుస్తుంది.

చోటు ఎంపిక

కానుగ, మామిడి, చింత చెట్ల కింద గానీ, ఇంటి ఉత్తరపు గోడ పక్కన గానీ చోటు చూసుకోవాలి. వేప నీడ వేసవికి ముందు ఆకు రాల్చే రోజుల్లో పలచబడుతుంది. అక్కడైతే పైన తాటాకు పందిరి తప్పదు. పడమటి వైపు తప్పనిసరిగా అడ్డు ఉండాలి. ఎండ కన్నా పడమటి వడగాలే ఫెర్న్‌కు పెద్ద శత్రువు.

వెలుగు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మిట్టమధ్యాహ్నం కుండీ పెట్టదలచిన చోట నేలకు జానెడు ఎత్తున అరచెయ్యి చాపండి. నీడ నల్లగా, అంచులు స్పష్టంగా పడితే ఎండ ఎక్కువైనట్టు. నీడ లీలగా, అంచులు కలిసిపోయినట్టు ఉంటే సరైన చోటు. నీడే కనిపించకపోతే చీకటి ఎక్కువైనట్టు, ఆకులు సాగి పాలిపోతాయి.

చెట్టు లేనివారు నాలుగు గుంజలు పాతి 75 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కప్పుకోవచ్చు. 20 కుండీలకు పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు పందిరి చాలు.

మట్టి మిశ్రమం

నల్లరేగడి మట్టి పనికిరాదు. తడిస్తే జిగురుకట్టి నీరు నిలుస్తుంది, ఎండితే పగులుతుంది. క్షార గుణం కూడా ఎక్కువ. ఫెర్న్‌కు కొద్దిగా ఆమ్ల గుణమున్న గుల్ల మట్టి కావాలి. ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే మంచిది.

ఎర్ర చెలక మట్టి 1 పాలు, బాగా మగ్గిన ఆకుల ఎరువు 2 పాళ్లు, కొబ్బరి పొట్టు 1 పాలు, వాగు ఇసుక అర పాలు కలుపుకోవాలి. కొబ్బరి పొట్టును వాడేముందు రెండు మూడుసార్లు నీటిలో నానబెట్టి పిండితే అందులోని ఉప్పు పోతుంది. ఆకుల ఎరువును మనమే తయారుచేసుకోవచ్చు. కానుగ, మామిడి రాలుటాకును గుంతలో పొరలుగా వేసి, మధ్యమధ్య పేడ నీళ్లు చల్లి తడి ఆరకుండా చూస్తే ఆరు నెలల్లో మగ్గుతుంది. పచ్చి పేడ, మగ్గని ఎరువు వేస్తే వేళ్లు కుళ్లిపోతాయి.

కుండీ 8 నుంచి 10 అంగుళాలది చాలు. అడుగున రంధ్రం ఉండాలి. రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించి, ఒక అంగుళం మేర ఇటుక ముక్కలు వేసి, పైన మిశ్రమం నింపాలి.

నాటడం

మృగశిర కార్తె తర్వాత, వానలు పడి గాలి చల్లబడ్డాక నాటుకోవాలి. జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు అనువైన కాలం. ఫెర్న్ కాండం పసుపు కొమ్ములా మట్టిలో లేదా మట్టి పైన పాకుతుంది. చిగుళ్లు లేచే ఆ మొదలును లోతుగా పూడ్చకూడదు. పూడిస్తే కుళ్లుతుంది. వేళ్లు మాత్రం మట్టిలో ఉండాలి, మొదలు మట్టితో సమంగా ఉండాలి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను వెంటనే కుండీ మార్చవద్దు. పది పదిహేను రోజులు నీడలో అలాగే ఉంచి ఇక్కడి గాలికి అలవాటు చేయాలి. కొన్ని పాత ఆకులు రాలినా భయపడనక్కరలేదు. మధ్యలోంచి పిడికిలి బిగించినట్టు చుట్టుకున్న కొత్త చిగురు లేస్తే మొక్క కుదురుకున్నట్టే.

నీళ్లు: ఇక్కడే గెలుపోటములు

వానాకాలం, చలికాలంలో రోజు విడిచి రోజు, కుండీ పై మట్టి చేతికి పొడిగా తగిలినప్పుడు పోయాలి. వేసవిలో ఉదయం, సాయంత్రం పోయాలి. 20 కుండీలకు పూటకు అర లీటరు చొప్పున వేసవిలో రోజుకు 20 లీటర్లు అవుతాయి. అంటే రెండు బిందెల లోపే. కుండీ కింద నీరు నిలిచే పళ్లెం పెట్టవద్దు.

నీటి పరిమాణం కన్నా నీటి గుణం ముఖ్యం. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో చాలా బోర్ల నీరు ఉప్పదనం, సున్నపు గుణం కలిగి ఉంటుంది. నీళ్లు కాచే పాత్ర లోపల తెల్లటి పొర కడుతుంటే ఆ నీరు ఫెర్న్‌కు మంచిది కాదు. ముందు ఆకు కొనలు గోధుమరంగుకు తిరుగుతాయి, తర్వాత అంచులు మాడతాయి. రైతు నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాడు. దాంతో ఉప్పు ఇంకా పేరుకుంటుంది.

దీనికి మార్గం వాన నీరు. వంద చదరపు అడుగుల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్లకు పైగా నీరు వస్తుంది. వృథా పోగా 75 లీటర్లయినా డ్రమ్ములో పడుతుంది. దోమలు చేరకుండా మూత పెట్టుకోవాలి. వాన నీరు అయిపోతే చెరువు, కాలువ నీరు వాడుకోవచ్చు. బోరు నీరే గతి అయితే నెలకొకసారి కుండీలో మామూలుకన్నా నాలుగింతల నీరు నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రం నుంచి కారిపోనివ్వాలి. పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

ఎరువు తక్కువైనా ఫర్వాలేదు

ఫెర్న్ వేళ్లు సన్నని పీచులాంటివి. యూరియా, డి.ఎ.పి. గుళికలు కుండీలో వేస్తే మాడిపోతాయి. జులై నుంచి ఫిబ్రవరి వరకు నెలకొకసారి 19-19-19 ఎరువును లీటరు నీటికి 1 గ్రాము కలిపి, తడిగా ఉన్న మట్టి మీద పోస్తే చాలు. అది లేనివారు రెండు నెలలకోసారి గుప్పెడు వానపాముల ఎరువు వేసుకోవచ్చు. మండు వేసవిలో ఏ ఎరువూ వద్దు.

వేసవి గండం దాటించడం

మార్చి నెలాఖరు నుంచి మృగశిర వరకు అసలు పరీక్ష. ఈ కాలంలో ఈ కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

కుండీలను దూరదూరంగా ఉంచకుండా దగ్గరగా చేర్చాలి. ఒకదాని ఆకు తేమ మరొకదానికి ఆసరా అవుతుంది.

కుండీలను అంతకన్నా పెద్ద కుండీలో గానీ, ఇటుకలతో కట్టిన తొట్టిలో గానీ పెట్టి, చుట్టూ ఇసుక నింపి ఆ ఇసుకను తడుపుతుండాలి. రంజన్‌లో నీరు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

పడమటి వైపు గోనె పట్టాలు వేలాడదీసి మధ్యాహ్నం పూట తడపాలి. నేల మీద కూడా నీళ్లు చల్లాలి. ఆకుల మీద మిట్టమధ్యాహ్నం చల్లడం కన్నా చుట్టూ నేలను తడపడమే మేలు.

అప్పటికీ ఆకులన్నీ మాడిపోతే మొక్క చచ్చిందని పారేయవద్దు. మాడిన ఆకులు మొదలుకు రెండంగుళాల పైన కత్తిరించి, చెమ్మ ఆరకుండా చూస్తే కత్తి ఫెర్న్ తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

సీసాలో పెరిగిన పాఠం

గాలి తేమ ఫెర్న్‌కు ఎంత అవసరమో 1829 ప్రాంతంలో లండన్‌లో ఒక వైద్యుడికి అనుకోకుండా తెలిసింది. ఆయన పేరు నథానియల్ వార్డ్. బొగ్గు పొగ నిండిన ఆ నగరంలో ఆయన తోటలో నాటిన ఫెర్న్‌లు బతకలేదు. ఒక పురుగు గూడును పరిశీలించడానికి తడిమట్టితో మూతపెట్టి ఉంచిన సీసాలో మాత్రం ఫెర్న్ దానంతటదే మొలిచింది. మట్టి నుంచి లేచిన ఆవిరి సీసా గోడలకు పట్టి తిరిగి మట్టిలోకే జారడంతో అది నీళ్లు పోయకుండానే పెరిగింది. ఆ తర్వాత ఆయన పేరుతో వచ్చిన గాజు పెట్టెల్లోనే చైనా తేయాకు మొక్కలు ఓడల్లో భారతదేశానికి చేరాయి.

ఈ పద్ధతి మనకూ ఉపయోగమే. విడదీసిన చిన్న మొక్క వాడిపోతుంటే దాని మీద అడుగు కోసిన పెద్ద ప్లాస్టిక్ సీసాను బోర్లించండి. మూత కొద్దిగా వదులుగా ఉంచండి. నీడలోనే ఉంచాలి, ఎండ తగిలితే లోపల ఉడికిపోతుంది. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు వచ్చాక రోజూ కాసేపు తీస్తూ అలవాటు చేయాలి.

ఒకటి నుంచి నాలుగు

కత్తి ఫెర్న్, బోస్టన్ ఫెర్న్‌లను విడదీసి పెంచడమే సులువు. ఏడాది నిండి కుండీ నిండా పిలకలు వచ్చిన మొక్కను జూన్, జులైలలో బయటికి తీసి, పదునైన శుభ్రమైన కత్తితో మూడు నాలుగు భాగాలు చేయాలి. ప్రతి భాగానికి వేళ్లు, కనీసం రెండు మూడు ఆకులు, చిగురు ఉండాలి. తల్లి మొక్క నుంచి సన్నని దారాల్లాంటి తీగలు కూడా బయటికి సాగుతాయి. పక్కనే ఇంకో చిన్న కుండీ పెట్టి, ఆ తీగను మట్టికి తాకేలా చిన్న పుల్లతో అదిమితే అక్కడ పిల్ల మొక్క లేస్తుంది. వేళ్లు పట్టాక తీగ కత్తిరించాలి.

ఓపిక ఉన్నవారు, బడి పిల్లలు ఇటుక పద్ధతి చూడవచ్చు. అడియాంటమ్ వంటి రకాల్లో ఆకు అడుగున ముదిరిన గోధుమరంగు పొడి సిద్ధబీజాలు. ఆకును కాగితంలో మడిచి రెండు రోజులుంచితే పొడి రాలుతుంది. ఎర్ర ఇటుకను మరిగే నీటిలో ఉడకబెట్టి, చల్లార్చి, కాచి చల్లార్చిన నీరున్న పళ్లెంలో పెట్టాలి. పొడిని ఇటుక మీద పలచగా చల్లి పాలిథిన్ కప్పి నీడలో ఉంచాలి. కొన్ని వారాలకు పాచిలా పచ్చదనం కమ్ముతుంది. అది మామూలు పాచి అని తుడిచేయకూడదు. ఆ పచ్చటి చిన్న రేకుల మీద నీటి పొర ఉంటేనే ఫలదీకరణ జరిగి అసలు ఫెర్న్ పుడుతుంది. ఆకులు కనబడటానికి నెలలు పడుతుంది.

పురుగా, సిద్ధబీజాలా?

ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు చూసి మందు కొట్టిన వారున్నారు. చుక్కలు ఈనెకు రెండు వైపులా వరుస తప్పకుండా, ఒకే ఎడంలో ఉంటే అవి సిద్ధబీజాల గుంపులు. మొక్క ఆరోగ్యంగా ఉన్నట్టే. చుక్కలు వరుస లేకుండా కాడ మీద, ఆకు మీద ఎక్కడపడితే అక్కడ ఉండి, గోటితో గీకితే ఊడి, ఆకు జిగురుగా ఉంటే అవి పొలుసు పురుగులు. పాత దంత బ్రష్‌ను సబ్బు నీటిలో ముంచి తుడిచి, తర్వాత మంచి నీటితో కడగాలి. బాగా పట్టిన ఆకులు కత్తిరించి కాల్చివేయాలి.

తెల్లటి దూదిలాంటి పిండినల్లికీ ఇదే పద్ధతి. నత్తలు వానాకాలం రాత్రిపూట లేత చిగుళ్లు తింటాయి. దీపం పట్టుకుని ఏరివేయడమే మేలు. ఫెర్న్ ఆకు పలచన, పురుగుమందులకు, నూనె మందులకు తొందరగా మాడుతుంది. వేపనూనె కొట్టాలనుకున్నా ముందు ఒక ఆకు మీద కొట్టి మూడు రోజులు చూడాలి. పత్తికి కొట్టగా మిగిలిన మందు ఎట్టి పరిస్థితుల్లోనూ కొట్టరాదు.

అమ్మకం, లెక్క

అలంకరణ మొక్కలకు గోదావరి తీరాన కడియం నర్సరీలు పేరుమోశాయి. అక్కడి తేమ గాలిలో తక్కువ ఖర్చుతో పెరిగిన మొక్కతో ధర దగ్గర మనం పోటీ పడలేం. పడవలసింది కూడా లేదు. తేమ గాలిలో పెరిగిన మొక్క మన పొడి గాలికి వచ్చేసరికి ఆకు రాల్చడం మామూలు. ఒక వేసవి మక్తల్‌లోనే దాటిన మొక్క మక్తల్, నారాయణపేట, మహబూబ్‌నగర్, రాయచూరు ఇళ్లలో ఎక్కువ కాలం నిలుస్తుంది. మన సరుకు గొప్ప ఇదే. అందుకే మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా అమ్మకుండా వేసవి దాటించండి.

ఇక లెక్క. ఉదాహరణకు పందిరి, కుండీలు, మొక్కలు, మట్టి కలిపి 4,000 రూపాయలు అయ్యాయనుకుందాం. కుండీ ఖర్చు, రవాణా పోగా ఒక్కో మొక్కకు 80 రూపాయలు మిగిలితే 50 మొక్కలు అమ్మితేనే పెట్టుబడి వస్తుంది. 20 తల్లి మొక్కల్లో 16 వేసవి దాటి, ఒక్కొక్కటి నాలుగు భాగాలైతే 64 అవుతాయి. 20 తల్లులుగా ఉంచుకుంటే అమ్మకానికి మిగిలేవి 44. అంటే రెండో ఏడాదికి పెట్టుబడి దాదాపు చేతికొస్తుంది, లాభం మూడో ఏటి నుంచే. మీ ఊరి ధరలు వేసి ఈ లెక్క మీరే కట్టుకోండి. మొక్క కొనేముందే దగ్గరి నర్సరీలో, పెళ్లి మండపాలు అలంకరించే వారి దగ్గర ఏ ధరకు, ఎన్ని తీసుకుంటారో అడగండి.

కత్తి ఫెర్న్ ఆకును మండపాల అలంకరణకు, పూలగుత్తులకు కూడా వాడతారు. చలికాలంలో బలంగా పెరిగిన ఆకు మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్లకు అందుతుంది. ముదిరిన ఆకులనే తెల్లవారుజామున కోసి, కాడలు నీటిలో ముంచి, తడిగుడ్డ చుట్టి పంపాలి. ఒక మొక్క నుంచి మూడో వంతుకు మించి కోయరాదు.

ఇంట్లో గాలిని ఫెర్న్ శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మేవారున్నారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన మాటది. మామూలు ఇళ్లలో నాలుగు కుండీల వల్ల అంత ఫలితం కనబడదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అందం చూపి అమ్మండి, లేని గుణం చెప్పవద్దు.

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: అడవి నుంచి ఫెర్న్‌లు తెచ్చి నాటుకోవచ్చా?
జవాబు: వద్దు. నల్లమలలోని అమ్రాబాద్ వంటి రక్షిత అడవుల నుంచి మొక్కలు తీయడం నేరం. పైగా అలా పెకిలించినవి సాధారణంగా బతకవు. నర్సరీ పిలకలే మేలు.

ప్రశ్న: మేకలు, దూడలు తింటే ప్రమాదమా?
జవాబు: కత్తి ఫెర్న్, బోస్టన్ ఫెర్న్ విషపూరితాలు కావు. కానీ అన్ని ఫెర్న్‌లూ ఒకటి కాదు. కొండ ప్రాంతాల్లో పెరిగే బ్రాకెన్ ఫెర్న్ పశువులకు విషం. పేరు తెలియని రకాన్ని పశువులకు అందకుండా ఉంచాలి.

ప్రశ్న: షేడ్‌నెట్‌కు రాయితీ ఉందా?
జవాబు: సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద ఇచ్చే ఏర్పాటు ఉంది. నిబంధనలు, నిధులు ఏటా మారుతుంటాయి. మంజూరు కాగితం చేతికి రాకముందు ఏజెంటుకు బయానా ఇవ్వవద్దు. ముందు ఉద్యాన అధికారిని కలవండి.

ఈ తొలకరికి 20 కుండీలు పెట్టండి. వేసవి దాటాక ఎన్ని పచ్చగా ఉన్నాయో లెక్కపెట్టండి. పదిహేనుకు తగ్గకుండా నిలిస్తే ఆ చోటు, ఆ నీరు ఫెర్న్‌కు పనికొచ్చినట్టే, పందిరి పెంచుకోవచ్చు. సగం కూడా నిలవకపోతే పోయింది కొన్ని కుండీల ఖర్చే. చేనూ, అప్పూ ఆ లెక్కలోకి రాకూడదు.